పై మెట్టు మీద అహంకారం

మల్లేశం! ముందు ఆ ఫోన్ జేబులో పెట్టు. పెట్టమంటున్నానా! పెద్దవాడి నడుం పట్టేసి ఉంటే, ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి మరీ నవ్వుతావా? వారానికి ఒక్క శుక్రవారం సెలవు. ఆ ఒక్క రోజూ మధ్యాహ్నం దాకా మంచం దిగవు. దిగాక ఫోన్ దించవు. నీలాంటి సోమరులని ఏం చేయాలో ఇటలీ వాళ్ళు ఎప్పుడో రాసి పెట్టారు. పరిగెత్తించాలి! కొండ చుట్టూ ఆగకుండా పరిగెత్తించాలి!

"ఇటలీ వాళ్లకు నేనేం జేసిన్నన్నా?"

చెప్తాను. ఆ టీ గ్లాసు ఇలా నేల మీదే పెట్టు. కిందనున్నది అందుకోవడం ఒక్కటే ఇప్పుడు నాకు సుళువు. మిగతావాళ్ళు కూడా వినండి. ఫోటో మీకు చేరింది కాబట్టి కథ కూడా చేరాలి. లేకపోతే కువైట్‌లో ఈ ఫింటాస్ పేట రూముల్లో దానికి తలో కథా అల్లుతారు.

నేను సల్వాలో డ్రైవరుగా పనిచేసే కువైటీ ఇంట్లో పెద్దమ్మాయి ఉంది కదా, దానా. కాలేజీలో సాహిత్యం చదువుతోంది. ఈ ఏడు వాళ్ళకి ఇటలీ పాత కవిత్వం పాఠం. కొన్ని వందల ఏళ్ళ నాటిదట. ఆ కాలపు కవులు పాపాన్ని ఊరికే పాపం అని వదిలెయ్యరు. దానికో ఒళ్ళు ఇస్తారు, ఒక బరువు ఇస్తారు, ఉండటానికి ఒక చోటు ఇస్తారు. తప్పు చేసి పశ్చాత్తాపపడ్డవాడు ఒక కొండ ఎక్కాలి. కొండకి ఏడు మెట్లు, మెట్టుకో పాపం. ఒక్కో మెట్టు దాటితే ఒక్కో బరువు దిగుతుంది. కొన మీద తోట. ఆ పైన మోక్షం.

దానా ఆ కొండని థర్మకోల్‌తో కట్టి, ప్లాస్టర్ పూసి, కారు షెడ్డులో పెట్టుకుంది. దాని మీదకి బంకమట్టి బొమ్మలు చేస్తూ ఉండేది. నేను బండి తుడుస్తూ చూసేవాణ్ణి. బొమ్మ తయారైనప్పుడల్లా పిలిచేది.

"సూరియా, చెప్పుకో! ఇతనెవరు?"

నా పూర్తి పేరు సూర్యనారాయణ అని ఆ ఇంట్లో ఎవరికీ పట్టదు. సరే, బొమ్మ చూసేవాణ్ణి. కళ్ళు రెండూ నల్లదారంతో కుట్టేసి ఉన్నాయి. అసూయపరుడు! ఒకరి బాగు చూసి ఓర్వలేని కళ్ళు కదా, కొన్నాళ్ళు మూసుకోవాలి. ఇంకొకడి చుట్టూ పొగలాగా దూది. వాడు కోపిష్ఠి. చేతులు కట్టేసి నేల మీద బోర్లా పడుకున్నవాడు పిసినారి. ఎముకల గూడై పళ్ళచెట్టు కింద నిలబడ్డవాడు తిండిపోతు. పరిగెత్తేవాడు సోమరి. మంటల్లో ఉన్నవాడు కాముకుడు. ఆఖరివాడు గర్విష్ఠి. నడుం రెండుగా వంగిపోయి, వీపు మీద రాయి మోస్తున్నాడు. ఆ రాయి మట్టిది కాదు. సముద్రపొడ్డుకి వెళ్ళి ఏరుకొచ్చిన అసలు రాయి.

"ఇన్నాళ్ళూ అందరినీ పైనుంచి చూశాడు సూరియా. ఇప్పుడు నేలని చూడటం నేర్చుకోవాలి" అంది.

నాకెంత నచ్చిందో! నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది, నిజమే. కానీ పాపమంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే స్నానం. శనివారం ఒంటిపూట భోజనం. చుట్ట లేదు, చుక్క లేదు. ఒకరి దగ్గర చెయ్యి చాచింది లేదు, ఒకర్ని దారి అడిగింది కూడా లేదు. అందుకని ఆ రోజు నుంచీ కనబడ్డవాళ్ళందరికీ శిక్షలు పంచడం మొదలెట్టాను. పక్కింటి డ్రైవర్‌కి పొగ. నీకు పరుగు. మా ఇంట్లో వంట చేసే నాగమణి, రుచి చూసే వంకతో సగం కూర అక్కడే లాగించేస్తుంది, దానికి పళ్ళచెట్టు.

నాగమణి గరిటె పట్టుకుని బయటికొచ్చింది. రాజంపేట మనిషి, నోరు ఊరుకోదు.

"నాకు చెట్టు ఇచ్చినావు, బాగుండాది. మరి నీకేందన్నా?"

"నాకేముంది?"

"ఏమీ లేదా? అయితే నువ్వు ఆ తోటలోనే పుట్టినావేమో సామీ!"

నేను మళ్ళీ బండి తుడుచుకోసాగాను. మూర్ఖులతో వాదన తగదని చిన్నప్పుడే నేర్చుకున్నాను.

ఇక మొన్నటి సంగతికి వస్తాను. ఆ రోజు దానా కాలేజీలో ఆ కొండని చూపించి, టీచరు ముందు మాట్లాడాలి. మార్కులన్నీ దాని మీదే. ఇదివరకే ఒకసారి ఈ పాఠం తప్పింది. "ఈసారి కూడా తప్పితే సాహిత్యం ఖలాస్. వ్యాపారం చదువుకో" అని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. ఆ పిల్ల రెండు వారాలుగా సరిగా తినలేదు. పొద్దున్నే స్నేహితురాలి కారులో ముందు వెళ్ళిపోయింది. కొండని జాగ్రత్తగా తీసుకురావడం నా పని.

బొమ్మల్ని అతికించలేదు. మాట్లాడేటప్పుడు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూపించాలట. బయట దుమ్ముగాలి. అందుకని కొండ మీద దుప్పటి కప్పి, బండిలో వెనక సీట్లు మడిచి ఎక్కించాం. గేటు దగ్గర మామా నిలబడింది, ఆ ఇంటావిడ.

"సూరియా, షువయ్య షువయ్య!" అంది. అంటే మెల్లిగా అని.

తల ఊపాను.

"యల్లా యల్లా!" అంది. అంటే త్వరగా అని.

మెల్లిగా త్వరగా ఎలా వెళ్తారండీ? అయినా బయల్దేరాను. అద్దంలో వెనక్కి చూడటం, రోడ్డు చూడటం, మళ్ళీ అద్దం. నాకు ఆలస్యం పడదు, గతుకు పడదు. ఆ రోజు రెండూ కలిసి వచ్చాయి. వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చేసరికి ఒక డెలివరీ బండివాడు ఫోన్ చూసుకుంటూ అడ్డంగా వచ్చాడు. బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఎగిరింది. వెనక టపటపటపా!

బకాలా, అదే కిరాణా కొట్టు పక్కన ఆపి, వెనక తలుపు తీసి, దుప్పటి ఎత్తి చూశాను. కొండకి చిన్న గీత కూడా పడలేదు. కానీ కొండ మీద నరపురుగు లేదు. ఏడుగురు పాపులూ సీట్ల కింద దొర్లుతున్నారు!

మోకాళ్ళ మీద పాకి అందర్నీ ఏరాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. హమ్మయ్య అనుకున్నాను. తీరా పెట్టబోతే, ఎవరిది ఏ మెట్టు? దానా చెప్పలేదు, నేను అడగలేదు. అడగడం నా అలవాటు కాదని చెప్పానుగా. దానాకి ఫోన్ చేశాను, స్విచాఫ్. ఇంటికి చేస్తే నాగమణి ఎత్తింది.

"ఏమమ్మా, బొమ్మలు కాస్త కదిలాయి. ఎవరు ఎక్కడున్నారో చూశావా?"

"కదిలినాయా, పడినాయా?"

"చూశావా లేదా?"

"నాకు గుర్తుండేదేమన్నా? రాత్రి మా పాపకి చూపిద్దామని ఫోటో తీసినా. ఉండు, పంపిస్తా."

చూడండి, ఇక్కడే. ఇక్కడ "పంపించమ్మా" అంటే అయిపోయేది. ఒక్క మాట! కానీ శిక్షగా పళ్ళచెట్టు వేసినదాని దగ్గర నేను పాఠం నేర్చుకోవాలా?

"వద్దు! ఏది పెద్ద పాపమో, ఏది చిన్న పాపమో నాకు నీ ఫోటో చెప్పాలా?" అని పెట్టేశాను.

ఆలోచించాను. మెట్లు, వాటి మీద బొమ్మలు. మా అక్క దసరాకి బొమ్మల కొలువు పెడుతుంది. చిన్నప్పటినుంచీ దగ్గరుండి సర్దినవాణ్ణి, ఇది నాకో లెక్కా? పై మెట్టు మీద పెద్దవాళ్ళు, కింద మెట్టు మీద అల్లరి చిల్లరి సరుకు. ఇక పాపాల వరస అంటారా, అరిషడ్వర్గాలు ఎవరికి తెలియవు? కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు. మొదట చెప్పేది కామమే. అంటే అన్నిటికన్నా నీచం. కాబట్టి మంటల్లో ఉన్నవాడు అట్టడుగున. వాడి పైన సోమరి, నిన్ను తల్చుకునే పెట్టాను మల్లేశం. ఆ పైన తిండిపోతు, అది నాగమణి. తర్వాత పిసినారి, కోపిష్ఠి, అసూయపరుడు. చివరికి చేతిలో గర్విష్ఠి మిగిలాడు. వాణ్ణి చూస్తే జాలేసింది. పాపం, రాయి మోస్తున్నాడు, కష్టజీవి. గర్వం అంటే ఏమిటి? పద్ధతిగా బతికేవాడికి కాస్త తల పైకి ఉంటుంది. అదేమంత ఘోరం? తీసుకెళ్ళి అందరికన్నా పై మెట్టు మీద పెట్టాను. దుప్పటి కప్పాను. ఈసారి నిజంగానే షువయ్యగా నడిపాను.

దారంతా మామా ఫోన్లు. "వేన్? వేన్?" ఎక్కడ, ఎక్కడ అని. కాలేజీ చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. హాల్లోకి మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ముందు వరసలో టీచరు, తెల్లజుట్టు ఇటలీ ఆవిడ. వెనక పిల్లలు. దానా మొహం పాలిపోయి ఉంది. దుప్పటి లాగిందే కానీ కొండ వైపు చూడలేదు, టీచరు మొహమే చూస్తోంది. నేను తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇంగ్లీషులో మొదలెట్టింది. నాకు అర్థమైనంత చెప్తాను. "ఈ కవుల దృష్టిలో శిక్ష అంటే పగ కాదు, వైద్యం. అన్ని పాపాల్లో బరువైనది అహంకారం. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. అందుకే అది అడుగు మెట్టు. అది దిగితే ఎక్కడం సగం తేలిక. కామం పై మెట్టు, ఎందుకంటే అది దారి తప్పినా ప్రేమలోంచే పుట్టింది. ఇదిగో, కొండ మొదట్లో అహంకారి!"

అని అడుగు మెట్టు మీది బొమ్మని తీసి అందరికీ ఎత్తి చూపించింది.

మంటల్లో ఉన్నవాడు!

హాలంతా నవ్వు. దానా బొమ్మని చూసింది, కొండని చూసింది, తర్వాత తలుపు వైపు చూసింది. ఆ చూపు మర్చిపోలేను.

టీచరు నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని అడిగింది. "ఈ వరస ఎవరు పెట్టారు?"

దానా నన్ను చూపించింది. ఆవిడ నన్ను ముందుకి రమ్మంది. "అహంకారాన్ని పైన ఎందుకు పెట్టారు?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

తప్పయింది అంటే పోయేది. నేనేమన్నానో తెలుసా? వచ్చీరాని ఇంగ్లీషులో, అంతమంది ముందు, వేలు పైకెత్తి మరీ చెప్పాను. "మేడమ్, దిస్ మ్యాన్ స్మాల్ ప్రాబ్లెమ్. అదర్ పీపుల్ బిగ్ ప్రాబ్లెమ్."

ఆ వేలు దించేటప్పుడు మోచెయ్యి బల్లకి తగిలింది. పైనున్నవాడి వీపు మీద అసలు రాయి కదా! ఒరిగాడు. అసూయపరుడి మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి కోపిష్ఠి మీద. ఒక్కో మెట్టూ దిగుతూ, ఒక్కొక్కణ్ణీ వెంటేసుకుని, అందర్నీ నేలకి తెచ్చాడు. తనూ మెడ విరగ్గొట్టుకున్నాడు. బరువైనది కింద ఎందుకు ఉండాలో ఆ పిల్ల అంతసేపు మాటల్లో చెప్పింది. నేను చేసి చూపించాను!

దానా కళ్ళలో నీళ్ళు. నాకు ఆ క్షణంలో వాళ్ళ నాన్న మాటే గుర్తొచ్చింది, సాహిత్యం ఖలాస్. ఆ పిల్ల చదువు నా మోచేత్తో పోయింది అనుకున్నాను. అప్పుడు జీవితంలో మొదటిసారి ఒక మాట నా నోట్లోంచి వచ్చింది.

"అమ్మా, ఐ డోంట్ నో. టెల్ మీ. వాట్ డూయింగ్?"

దానా కళ్ళు తుడుచుకుంది. విరిగిన బొమ్మని చూసింది, నన్ను చూసింది. మొహంలో ఏదో వెలిగింది.

"సూరియా, వంగు."

వంగాను. గోడ పక్కన నీళ్ళ సీసాల అట్టపెట్టె ఉంటే ఇద్దరు పిల్లలు తెచ్చి నా వీపు మీద పెట్టారు. పైదాకా సీసాలు నిండుగా!

"ఇదిగో" అంది దానా, టీచరు వైపు తిరిగి. "మొదటి మెట్టు."

మిగిలిన బొమ్మలన్నీ ఏరి, ఒక్కొక్కదాని గురించీ చెప్పుకుంటూ కొండ పైదాకా వెళ్ళింది. తొందరేం లేదు దానికి! నాకేం కనబడుతుంది? నేల పలకలు, చెప్పులు, బూట్లు. ఎవరి మొహమూ కనబడదు. ఎవరు ఎలాంటివాళ్ళో తీర్పు చెప్పడానికి బూట్లు చాలవని అప్పుడే తెలిసింది. చెమటకి నుదుటి బొట్టు కరిగి ముక్కు మీదుగా జారి పలక మీద పడింది. ఆ కవుల కొండ మీద కూడా పాపం దిగినప్పుడు నుదుటి మీది గుర్తు దేవదూత తుడిచేస్తాడట. దానా అది చెప్తుండగా టీచరు లేచొచ్చి కాగితపు రుమాలుతో నా నుదురు తుడిచింది. చప్పట్లు! పెట్టె మాత్రం ఎవరూ దించలేదు. తోట గురించి ఇంకా చెప్పాల్సింది ఉందట.

దానాకి మార్కులు వచ్చాయి, మంచి మార్కులే. వాళ్ళ నాన్న ఇక వ్యాపారం మాట ఎత్తలేదు. నేను పెట్టె మోస్తుండగా ఎవరో తీసిన ఫోటో దానా మామాకి పంపింది. మామా పొట్ట పట్టుకుని నవ్వి నాగమణికి పంపింది.

ఇక నా సంగతి. బండి దిగి వంటగది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నడుం లేవనంది. నాగమణి దగ్గర నొప్పి మందు డబ్బా ఉంది. చేత్తో పట్టుకుని, ఇవ్వకుండా నిలబడింది.

"అడుగన్నా."

"మందివ్వమ్మా."

"అది గాదు. ఆ పొద్దు ఫోన్‌లో వద్దన్న్యావే, అది అడుగు."

నేను నేలని చూశాను. ఇప్పుడు వేరే ఏదీ చూడటానికి వీల్లేదు కూడా. "ఫోటో పంపించమ్మా" అన్నాను.

పంపింది. కొండ ఫోటో కాదు. నాకొక్కడికే కాదు.