పరదేశి ఆర్పేసిన పసుపు దీపం

పరదేశి ముప్పై ఏళ్ళు అనకాపల్లి చుట్టుపక్కల జీపు నడిపాడు. టైరును కాలితో ఒక్క తన్ను తన్ని గాలి ఎంతుందో చెప్పేసేవాడు. యాభై నాలుగో ఏట జీపు మూలపడితే పాత కారొకటి కొన్నాడు. ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఆ కారే కదిలేది.

ఆ కారులో అతనికి కొరుకుడు పడనిది ఒక్కటే. ఏ టైరులోనైనా గాలి తగ్గితే స్టీరింగు వెనకాల ఒక పసుపు దీపం వెలుగుతుంది. ఉప్మాక వెంకన్న దర్శనానికి భక్తులను తీసుకెళ్లి వచ్చిన రోజు అది వెలిగింది. దిగి నాలుగు చక్రాలనూ తన్ని చూశాడు. అన్నీ గట్టిగానే తోచాయి. డిగ్రీ చదువుతున్న కూతురు పావని కారు పుస్తకం తిరగేసి చెప్పింది.

"ముందు నాలుగు టైర్లకీ గాలి కొట్టించాల నాన్నా. ఆ తర్వాతే ఈ బటన్ నొక్కి పట్టుకోవాల. ఊరికే నొక్కేత్తే, తగ్గిన గాలే సరైందనుకుంటాది బండి. మరింక మనకి సెప్పదు."

"అలాగేలేమ్మా, రేపు కొట్టిత్తాను" అన్నాడు పరదేశి. కానీ ఆ దీపం కంట్లో నలుసులా ఉంది. పావని లోపలికి వెళ్లగానే బటన్ నొక్కి పట్టుకున్నాడు. దీపం మిణుకుమిణుకుమని ఆరిపోయింది. తర్వాత మూడు రోజులు బేరాలు లేవు. కారు ఇంటి ముందే ఉంది. గాలి సంగతి అతను మరిచేపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం చెరకు తోటలో ఎండాకు తీస్తున్న పక్కింటి ఇందును పాము కరిచింది. ఆమె భర్త చిన్నబాబు ఆమెను చేతుల మీద మోసుకొచ్చాడు.

"మామా, బండి తియ్యి! నాగుపాము! నా కళ్లతో సూసేను!"

పరదేశి చక్రాల వైపు కన్నెత్తి చూడలేదు. అనకాపల్లి ఆసుపత్రి పన్నెండు కిలోమీటర్లు. సగం దూరం వెళ్లేసరికి కారు ఎడమకి లాగేస్తోంది. దీపం మాత్రం వెలగలేదు. రోడ్డు గతుకులే అనుకుని ఇంకా తొక్కాడు. వెనక నుంచి టపటపమని చప్పుడు మొదలైంది.

దిగి చూస్తే వెనక ఎడమ టైరు నేలకంటుకుపోయి ఉంది. స్టెప్నీ బయటికి లాగాడు. వేలితో నొక్కితే అదీ మెత్తగా లోపలికి దిగిపోయింది.

"మామా, దీనికి కళ్లు మూతలడిపోతన్నాయి!" చిన్నబాబు కారులోంచి అరిచాడు. "ఇందూ, ఇటు సూడు! ఇటు సూడే!"

రోడ్డు మీద ఒక్క బండీ లేదు. పరదేశి మళ్లీ ఎక్కి రిమ్ము మీదే నడిపాడు. టైరు చీలికలై ఊడిపోయింది. ఇనుము రోడ్డును గీరుకుంటూ పోతుంటే స్టీరింగును గుండెకి హత్తుకుని, "ఇంకొంచెం, తల్లీ, ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు. ఆ మాట కారుతో అన్నాడో ఇందుతో అన్నాడో అతనికే తెలియదు. రెండు కిలోమీటర్లు పోయాక జంక్షన్లో ఆటో దొరికింది. అప్పటికి ఇందు మాట పడిపోయింది.

ఆటోలో అతనికి చోటు లేదు. మిగతా దూరం కొంత పరిగెత్తి, కొంత నడిచి ఆసుపత్రికి చేరేసరికి ఆమె నోట్లో గొట్టం వేసి ఉంది. మూడు రోజులు మిషను సాయంతోనే ఊపిరి తీసింది. ఆ మూడు రోజులూ పరదేశి వరండాలోనే కూర్చున్నాడు. వచ్చినవాళ్లంతా, "నీ బండి ఉండబట్టి సరిపోయింది" అని భుజం తట్టేవారు. తట్టిన ప్రతిసారీ అతను తల దించుకునేవాడు.

నాలుగో రోజు ఇందు కళ్లు తెరిచింది. అప్పుడు పరదేశి చిన్నబాబును పక్కకి పిలిచాడు.

"గాలి తగ్గిందని బండి నాకు ముందే సెప్పింది రా. నేనే దాని నోరు నొక్కేసేను. నా కూతురు వద్దన్నా వినలేదు. అర్ధగంట నేనే తినేసేను."

చిన్నబాబు అతన్ని అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయాడు. ఇందును వేరే కారులో ఇంటికి తీసుకెళ్లాడు. ఎదురుపడినా తల తిప్పుకునేవాడు. తిట్టి ఉంటే బాగుండునని పరదేశి ఎన్నిసార్లు అనుకున్నాడో.

నెల తర్వాత ఒక ఉదయం చిన్నబాబు పరదేశి గుమ్మంలోకి వచ్చాడు. ఇందుకి ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష ఉందట.

"గాలి సూసేవా?" అన్నాడు పొడిగా.

పరదేశి గాలి కొలిచే మీటరు తెచ్చి అతని చేతికిచ్చాడు. డ్రైవరు తలుపు తీసి, ఏ టైరుకు ఎంత గాలి ఉండాలో రాసి అక్కడ అంటించిన కాగితం చూపించాడు. చిన్నబాబు ఒక్కో చక్రం దగ్గరా వంగి కొలిచాడు. స్టెప్నీ కూడా తీయించి కొలిచాడు.

"ఉండు, ఇందుని తెత్తాను" అని ఇంటివైపు నడిచాడు.