కళ్ళు మూసుకుని నడిచిన ఇళ్ళు

జల్లాఖ్‌లో మా మామా వెళ్ళే రిసార్టులో, మెట్లు దిగి ఇసుకలో అడుగుపెట్టే చోట పెద్ద చెక్క అరుగు ఒకటుంది. శుక్రవారం పొద్దున్నే అక్కడి పనివాళ్ళు దాన్ని గొట్టం పెట్టి కడుగుతారు. తడిసిన ఆ చెక్కకి ఉప్పుగాలి తగిలి ఒక వాసన లేస్తుంది, పాత టేకు నానిన వాసన, కొంచెం చేదుగా, కొంచెం మాడిన బెల్లప్పాకంలా. వచ్చేపోయే వాళ్ళందరికీ అది సెలవురోజు వాసన కాబోలు, గుండెలనిండా పీల్చుకుంటారు. నాకు మాత్రం అది ముక్కుకి తగిలితే అరికాళ్ళు చల్లబడతాయి.

మామా అంటే మేనమామ అనుకునేరు, కాదు. నేను పనిచేసే ఇంటావిడ. బహ్రెయిన్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళం అందరం ఇంటావిడని అలాగే పిలుస్తాం. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడకి నిద్ర పట్టడం లేదు, అందుకని ఎవరో చెప్తే ఈ ధ్యానం క్లాసులో చేరింది. చాపలు పరవడం, ఫ్లాస్కులో గహ్వా, అదే అరబ్బుల కాఫీ, మొయ్యడం, అంతా అయ్యాక మోకాళ్ళు పట్టేసిన మామాని చెయ్యిచ్చి లేపడం నా డ్యూటీ. మొదటి వారం దూరంగా కూర్చుంటే, క్లాసు చెప్పే ముంబై అమ్మాయి నన్ను చూసి మీరూ కూర్చోండి దీదీ అని నాకూ ఒక చాప వేయించింది. ఊరికే కూర్చోమంటే ఎవరికి చేదు, కూర్చున్నాను. ఓర్పు నేర్చుకోవాలి, ఉన్నదాన్ని ఒప్పుకోవాలి, పట్టుకున్నదాన్ని వదలాలి అని ఆ పిల్ల మెల్లగా హిందీలో చెప్పింది. కళ్ళు మూసుకోమంది. మీకు తెలిసిన ఒక ఇంటికి వెళ్ళండి, గుమ్మం దాటండి, గదిలో ఉన్నవన్నీ చూడండి, ముట్టుకోండి, అక్కడే పెట్టేసి బయటికి రండి అంది. ముందు నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. కార్లేసుకుని వచ్చి మరీ నేర్చుకునే ఈ విద్య, పలక పట్టకముందే మా మామ్మ మాకు నేర్పేసింది.

మాది కాకినాడకి పైన సముద్రపొడ్డు. ఆ ఒడ్డున సముద్రం ఊళ్ళని తింటుంది. చేపల గురించి ఎంత మాట్లాడుకునేవాళ్ళో ఏ ఇల్లు ఎప్పుడు పోతుందనీ అంతే మామూలుగా మాట్లాడుకునేవాళ్ళు మా ఊరి పెద్దలు. ఎండాకాలం మాత్రం అది ఏమీ ఎరగని నంగనాచిలా ఉండేది. ఇసుక మీద నెత్తళ్ళ చేపలు ఎండబోసి కాకులు తోలమంటే మేం తోలకుండా ఎండ్రకాయల బొరియల్లో పుల్లలు పొడుస్తూ, గవ్వలు ఏరుకుని గుజ్జనగూళ్ళు ఆడుతూ, తాటిముంజెల నీళ్ళతో బొజ్జలు తడుపుకుంటూ పొద్దంతా అక్కడే పడుండేవాళ్ళం. పెద్దలు ఇళ్ళల్లో చల్దన్నంలోకి ఉప్పుచేప కాల్చుకుంటే ఆ కమురు వాసన వీధి వీధంతా తిరిగేది. వానలు మొదలయ్యాక గాలి తిరిగేది, ఇక అక్కణ్ణించి నాగులచవితి చిమ్మిలి తినేదాకా అమావాస్యకి, పున్నమికి పెద్దవాళ్ళు మాటలు తగ్గించేసేవాళ్ళు. మా మామ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆ చుట్టతోనే పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి, ఇసుకలో తడి ఎంతవరకు వచ్చిందో చూసి, ఏమీ అనకుండా ఇంటికొచ్చి పొయ్యి రాజేసేది. ఆవిడ ఏదో ఒకటి అంటే బాగుండునని మా అమ్మ చాటుగా ఏడిచేది.

దీపాలు పెట్టే వేళకి మామ్మ నన్నూ మా తమ్ముడు శీనునీ చాప మీద కూర్చోబెట్టి కళ్ళు మూయించేది. మూసిన రెప్పల కింద మేం నడిచే ఇళ్ళు సముద్రంలో ఉన్నవి. మామ్మ కాపరానికి వచ్చిన ఇల్లు, మా నాన్న పుట్టిన ఇల్లు, రెండూ ఎప్పుడో పోయాయి, మేము పుట్టకముందే. మామ్మ గొంతు మమ్మల్ని వాటిలోకి తీసుకెళ్ళేది. మెట్టెక్కండి, తల వంచండి, గుమ్మం పొట్టిది, ఎడం పక్కన కుండలున్నాయి, ముట్టుకోండి, చల్లగా ఉన్నాయా, ఆ ఉట్టి మీద మీ తాత పెట్టుకున్న పొగాకు, అది అక్కడే ఉండనివ్వండి, అని ఒక్కో గదీ తిప్పి, ముట్టుకున్న ప్రతిదీ కింద పెట్టించి, దొడ్డిదారిన కాకుండా వీధి గుమ్మంలోంచే బయటికి తెచ్చేది. నడిపించినవాళ్ళు అందరికన్నా ఆఖర్న రావాలట. లోపల ఎవరూ కూర్చోకూడదట, ఎంత కాళ్ళు నొప్పెట్టినా సరే. ఎందుకని ఒకసారి అడిగాను.

“కూకుంటే అలవాటైపోద్దే. ఆ ఇల్లు ఇంక మనది కాదు” అంది.

పోయిన ఇళ్ళని పిల్లల చేత రోజూ వదిలించేది గానీ, మామ్మ తను వదలనిది ఒకటుంది. వీధి గుమ్మం. విరిగిన ఓడ చెక్కతో మా తాత చేయించిన టేకు ద్వారబంధం అది, పైన చిలకలు, పద్మాలు చెక్కి ఉండేవి. సముద్రం ఇంటి దగ్గరికి వచ్చేస్తోందని తెలియగానే మా ఊళ్ళో ఆడవాళ్ళు గడప కడిగి పసుపు రాసి బొట్లు పెడతారు, మగవాళ్ళు గోడ తవ్వి ద్వారబంధం ఊడదీసి భుజాల మీద మోసుకుపోతారు. గుమ్మం దింపడం అంటారు దాన్ని. గోడలు సముద్రానికి, గుమ్మం మనకి, అదీ లెక్క. మా గుమ్మం అలా రెండుసార్లు దిగి, మేమున్న మూడో ఇంటికి వచ్చింది. వానాకాలంలో అది చెమ్మగిల్లి అచ్చం ఈ జల్లాఖ్ అరుగు వాసనే వేసేది. ఓడది కదా, సముద్రం తన చెక్క తను వెతుక్కుంటూ వస్తోందని పక్కింటి ముసలమ్మలు అనేవాళ్ళు. నాకు జ్వరం వస్తే ఆ గుమ్మం కింద పడుకోనని ఏడ్చేదాన్ని.

ఆ ఏడు దసరా వెళ్ళగానే మామ్మ గుమ్మం దింపమంది. మా నాన్న వినలేదు. పాత వలలనిండా ఇసుక నింపి కట్టలు కట్టి ఇంటిముందు గోడలా పేర్చాడు. వలని నమ్ముకుని బతికినవాడు, సముద్రాన్ని కూడా వలే ఆపుతుందనుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వితే పౌరుషం వచ్చి ఇంకో వరస పేర్చాడు. ఈ అమావాస్య దాటితే చాలు, గాలి తిరిగిపోద్ది, ఓర్చినమ్మకు తేటనీళ్ళు అని మామ్మకే సామెత చెప్పాడు. ఇది బావి కాదురా నాయనా, ఇక్కడ ఎంత ఓర్చినా తేటనీళ్ళు రావు అని మామ్మ అంటే, నీకన్నీ అపశకునాలే అని కసిరాడు. మంచివాడు మా నాన్న, మమ్మల్ని ఎప్పుడూ కొట్టలేదు. మొండితనాన్ని ఓపిక అనుకున్నాడు, అంతే.

ఆ అమావాస్యే దీపావళి. పొద్దున్నే అమ్మ గారెలు వండింది, నాటుకోడి పులుసు పెట్టింది. గోగుకాడల చివర్లకి నూనెగుడ్డలు చుట్టుకుని, సాయంత్రం వెలిగించి తిప్పుదామని నేనూ శీనూ పంచుకుంటున్నాం. ఎండ కాస్తూనే ఉంది, గాలి మాత్రం లేదు. సముద్రం అడుసు రంగుకి తిరిగింది. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే ఎండ్రకాయలు ఒకటొకటిగా వాకిట్లోకి వచ్చి గోడ ఎక్కడం మొదలెట్టాయి. వీధిలో ఒక్క కుక్క లేదు. మామ్మ సగం తిన్న కంచం పక్కకి నెట్టి, లేచి, గడప కడిగింది. పసుపు రాసింది. అమ్మనీ మమ్మల్నీ ముందుగదిలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది.

దీపాల వేళ కాలేదు కదా అనుకుంటూనే మూసుకున్నాను. మామ్మ గొంతు ఎప్పటిలాగే ఉంది. ఎడం పక్కన నీళ్ళబిందె, ముట్టుకోండి అంది. నేను చెయ్యి చాపితే నిజంగానే బిందె తగిలింది. కుడి పక్కన గోడకి ఆనించి గోగుకాడలు, అక్కడే ఉండనివ్వండి అంది. అప్పుడు నాకు తెలిసింది. పోయిన ఇళ్ళల్లోనే మామ్మ నడిపిస్తుంది. మేం కూర్చున్న ఈ ఇల్లు, గారెల వాసన ఇంకా పోని ఈ ఇల్లు, ఆవిడకి అప్పటికే పోయింది. అంత భయం నేను మళ్ళీ ఎరగను. ఏడుపు కూడా రాలేదు. ప్రతి గదీ తిరిగాం, ప్రతిదీ కింద పెట్టాం, మామ్మ లెగండి అంటే కళ్ళు తెరిచి, వెనక్కి చూడకుండా గుమ్మం దాటి, చెరువుగట్టు వైపు నడిచాం.

మేం గట్టెక్కేసరికి మొదటి కెరటం ఇసుక మూటల్ని పిండిముద్దల్లా విడదీసేసింది. అప్పుడు వచ్చింది, మా వెనకే గట్టు దాకా వచ్చిన మా నాన్నకి బుద్ధి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గునపం తీసుకుని వెనక్కి పరిగెత్తాడు. మామ్మ వెంటపడి చొక్కా పట్టుకుంది.

“ఒగ్గెయ్‌రా. గుమ్మం ఒగ్గెయ్” అంది.

“ఇన్నాళ్ళూ దింపు దింపు అన్నావు కదే అమ్మా. దింపుకొత్తాను” అన్నాడు, చొక్కా విడిపించుకుని.

రెండో కెరటానికి ముందుగోడ కూలింది. నీళ్ళు తీశాక, నాన్నని ద్వారబంధం కిందనుంచి తీశారు. చిలకలూ పద్మాలూ చెక్కుచెదరలేదు.

ఆ చెక్కని సముద్రంలో పారెయ్యమంది మామ్మ. దాన్నే ముందు వదలాల్సింది, నాకే తెలివి లేకపోయింది అని తల బాదుకుంది. మా అమ్మ ఒప్పుకోలేదు, ఆయన పట్టుకున్న చెక్క అని దాన్ని వాటేసుకుని కూర్చుంది. దాన్ని మా పిన్ని వాళ్ళ పెరట్లో పడేశారు. కర్మకాండలన్నీ అయ్యాక ఒక సాయంత్రం మామ్మ మళ్ళీ చాప పరిచింది. ఈసారి మూడు ఇళ్ళు. మూడో ఇంటి నుంచి బయటికి తెచ్చేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు ఆగి, మళ్ళీ వచ్చింది. గుమ్మం కాడ నాన ఉంటాడు, దణ్ణమెట్టుకుని పక్కనుంచి వచ్చెయ్యండి, ఆగకండి, అంది. శీను ఆ రోజు కళ్ళు తెరిచేసి లేచి పారిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ మాతో కూర్చోలేదు.

ఆ శీనుకే ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నేను ఇక్కడ సంపాదించిందంతా పోసి ఊళ్ళో ఇల్లు కట్టించాను. రోడ్డుకి లోపలగా కట్టరా అంటే, పడవ ఎక్కడ పెట్టుకోనక్కా అని ఒడ్డునే కట్టాడు. ఇల్లు పూర్తయ్యాక నాకు సెలవు దొరకలేదు, దాన్ని ఫోన్లోనే చూశాను. ముందుగదికి ఆకుపచ్చ రంగు, ఫ్రిజ్జు మీద ప్లాస్టిక్ పూలు, గూట్లో నాన్న ఫొటో. గృహప్రవేశం రోజు వీడియోలో వీధి గుమ్మం కనపడగానే నా చేతిలో గిన్నె జారిపోయింది. చిలకలు, పద్మాలు. పిన్ని పెరట్లోంచి తెచ్చి, నాకు ఒక్క మాట చెప్పకుండా నిలబెట్టాడు. తిట్టాను. తాత గుమ్మం కదక్కా అన్నాడు. నిన్న ఫోన్ చేస్తే సముద్రం వాకిటి దాకా వచ్చిందని, ఈ అమావాస్య గడిస్తే పర్లేదని, ఓపిక పట్టమని నాకు చెప్పాడు. అచ్చం నాన్న గొంతు. రాత్రంతా నేను కన్ను మూయలేదు.

ఈ పొద్దున క్లాసు సగంలో ఒళ్ళో ఫోన్ అదిరింది. లేచి చెక్క అరుగు చివరికి వెళ్ళాను. మరదలు.

“వొదినా, ఈయన గునపం అట్టుకున్నాడు. గుమ్మం దింపకుండా రానంటన్నాడు. నాన లేకుండా పిల్లలు కదలట్లేదు” అంది. దాని గొంతు వెనక హోరు. ఆ ఇంట్లోంచి ఎప్పుడు మాట్లాడినా ఆ హోరు వినపడేది కాదు.

స్పీకర్‌లో పెట్టమన్నాను. అందర్నీ కూర్చోబెట్టమన్నాను. శీనూ, నువ్వూ కూర్చో, ఆ రోజు లేచిపోయావు, ఇవాళ లేవకు అన్నాను. వాడి గునపం నేలకి తగిలిన చప్పుడు వినపడింది. నేనూ ఆ తడి చెక్క మీదే కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఇక్కడి సముద్రం పళ్ళెంలో పోసిన గంజిలా కదలకుండా ఉంది. అక్కడి సముద్రం నా చెవిలో ఉంది. ఎడం పక్కన ఆకుపచ్చ గోడ, ముట్టుకోండి. ఫ్రిజ్జు మీద పూలు, అక్కడే ఉండనివ్వండి. గూట్లో మీ తాత ఫొటో, ఆయన్ని చూడండి, చాలు. మామ్మ మాటలు మామ్మ వరసలోనే నా నోట్లోంచి వస్తున్నాయి. నిలబడి ఉన్న ఇంటి నుంచి మనుషుల్ని ఖాళీ చేయిస్తున్నాననీ, అది నేను కట్టించిన ఇల్లేననీ తెలుస్తూనే ఉంది. లెగండి, ఎనక్కి సూడకండి అన్నాను.

చాలాసేపు అడుగులు, గాలి, పిల్ల ఏడుపు. బయటికొచ్చేశారా అని అడిగాను. వచ్చేసేం వొదినా అంది. శీను ఏడీ అన్నాను. అరుగు వాసన ముక్కులో గుచ్చుకుంది.

“ఇక్కడే ఉన్నానక్కా. ఒగ్గేసేను” అన్నాడు.

ఆ తరవాత ఏదో కూలిన చప్పుడయింది, ఫోన్ ఆగిపోయింది.

మామ్మ లేదు, ఆ చాప లేదు, ఎండ్రకాయల వెంట పరిగెత్తిన ఇసుక లేదు, గోగుకాడలు పంచుకున్న గది లేదు. మూడిళ్ళ పక్కన ఇప్పుడు నాలుగోది. వెనక క్లాసు అయిపోయినట్టుంది, ఖలాస్ రత్నా, యల్లా, అని మామా పిలుస్తోంది. వస్తున్నానన్నాను గానీ కళ్ళు తెరవలేదు. నడిపించినవాళ్ళు ఆఖర్న రావాలి. నేను ఒక్క పూటైనా అన్నం తినని ఆ ఇంట్లో, ఆకుపచ్చ గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాను. కూర్చోవాలనిపించింది, కూర్చోలేదు. గుమ్మం దగ్గర నాన్న ఉన్నాడు. దణ్ణం పెట్టుకుని పక్కనుంచి వచ్చేశాను.