మాత్రలకు నేనిచ్చిన విరామం

ఆ రోజు మిరపతోటలో మందు కొట్టే ట్యాంకు వీపుకెత్తుకుని లేవబోతే మోకాళ్లు లేవలేదు. ఇరవై ఏళ్లుగా మోస్తున్న ట్యాంకే అది. నెలన్నరగా జ్వరం, దగ్గు. పంచె జారిపోతుంటే మొలతాడు బిగించుకున్నానే గానీ, ఒంట్లో తేడా ఉందని ఒప్పుకోలేదు. మా ఆవిడ రత్తమ్మ ఒప్పించింది. అంటే, తిట్టి గుంటూరు బస్సెక్కించింది.

ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి టీబీ అన్నారు. రక్తం చూసి హెచ్ఐవీ పాజిటివ్ అన్నారు. రత్తమ్మకు నెగెటివ్. తప్పు నాదే, దాచను. ఆమె ముఖం చూసే ధైర్యం లేక గోడమీది పోస్టర్లన్నీ చదివాను.

"ఏడవబాకయ్యా. ముందు బతుకు, తర్వాత నీ సంగతి చెప్తా" అంది. ఇప్పటికీ చెబుతూనే ఉంది.

ఊళ్లో పచ్చకామెర్లని చెప్పాం. ఆరుగురు ఆరు రకాల పసర్లు పట్టుకొచ్చారు. అవి తాగకుండా తప్పించుకోవడం పెద్ద పనైంది.

రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, సీడీ ఫోర్ అంటారు, తొంభైకి పడిపోయింది. టీబీ మందులతోపాటు హెచ్ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మాత్రలు మొదలుపెట్టారు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. జీవితాంతం" అంది డాక్టరమ్మ. ఏడాదికల్లా సీడీ ఫోర్ మూడొందలు దాటింది. మళ్లీ ట్యాంకెత్తాను. దాంతోపాటు నా తెలివీ నిద్రలేచింది.

మిరప రైతుకు తెలియనిదేముంది? పురుగుంటే కొడతాం, పోతే ఆపుతాం. అదేపనిగా ఒకే మందు కొడితే పురుగు మొండికేస్తుంది. మాత్రలకూ కొన్నాళ్లు విరామమిచ్చి మళ్లీ మొదలెడితే దెబ్బ గట్టిగా తగులుతుందని తేల్చుకున్నాను. మింగినట్టు నటించి, గేదెల కొట్టం చూరులో దోపేవాణ్ని.

అంతటితో ఊరుకున్నానా! మాత్రల కోసం వరుసలో నిలబడ్డప్పుడు, భార్యను ఆడవాళ్ల వరుసలో నిలబెట్టి వచ్చిన చీమకుర్తి లారీ డ్రైవరొకడికి ఈ శాస్త్రమంతా బోధించాను.

"అయితే నేనూ ఆపుతానన్నా. తోటి డ్రైవర్లు చూస్తారని మాత్ర మింగాలంటే చచ్చే చావుగా ఉంది" అన్నాడు. వీపు తట్టాను.

మూడు నెలలకు నా నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు. అదే వారం కొట్టం తాటాకు మార్పిస్తుంటే రత్తమ్మ నెత్తిన మాత్రల వాన కురిసింది. "ఇయ్యన్నీ గేదెకు పెట్టినా ఇంకో లీటరు పాలిచ్చేది గదయ్యా!" అని, వాటిని కొంగున మూటకట్టి తీసుకెళ్లి డాక్టరమ్మ బల్లమీద పోసింది.

నా శాస్త్రం విని డాక్టరమ్మ ముందు నవ్వింది, తర్వాత మండిపడింది. "మీ పురుగు సంగతి నాకు తెలీదు. ఇది మాత్రం మధ్యలో ఆపితేనే మొండికేస్తుంది."

అప్పుడు గుర్తొచ్చాడు డ్రైవరు. పేరు తెలియదు. వరుసలో ఎవరం ఎవరి పేరూ అడగం. చీమకుర్తి వెళ్లి లారీల దగ్గర ఏమని అడగను? ఆ జబ్బున్నవాడెవరని అడిగితే అతని బతుకు నేనే బజారున పెట్టినట్టు. రెండు నెలలు వరుసలో వెతికాను. మూడో నెల అతని భార్య ఒక్కతే కనిపించింది.

"మీ ఆయన రాలేదా అమ్మా?"

"మాత్రలు మానేశాడన్నా. ఎవరో బాగా తెలిసినాయన చెప్పాడంట. పోయి నెలయింది."

ఆ తెలిసినాయన నేనేనని చెప్పలేకపోయాను. ఆ సిగ్గు ఇంకా నన్ను తింటోంది.

అదృష్టం కొద్దీ మాత్రలు మళ్లీ పనిచేశాయి, ఇప్పుడు బాగానే ఉన్నాను. రెండు పూటలా రత్తమ్మ ఎదుటే మింగి, నోరు తెరిచి, నాలుకెత్తి చూపిస్తాను. మీకు చెప్పేదొక్కటే. మాత్ర మానాలనిపిస్తే ఆ మాట ముందు డాక్టరుకు చెప్పండి. వరుసలో పక్కనున్న తెలివైనవాణ్ని మాత్రం అడక్కండి. వాడు నేనే కావచ్చు.