నోజిజ్వే ముల్లుకొమ్మ

దక్షిణాఫ్రికాలో, మా పోర్ట్ ఎలిజబెత్‌లో, పక్కింటి నోజిజ్వే పదకొండేళ్లుగా ఒక్కటే కోరింది, చచ్చిపోయిన భర్తను ఇంటికి తెచ్చుకోవాలని. రేవు కూలీల సంఘం నడిపినందుకు అతన్ని పోలీసులు పట్టుకెళ్లారు. శవం కూడా ఇవ్వలేదు. మాలో అలా పోయినవాళ్ల కోసం, పోయిన చోటికే వెళ్లి, ముల్లుకొమ్మ నేలకు తాకించి, ఆత్మను పిలుచుకొస్తాం. కొమ్మ పట్టినవాళ్లు ఇల్లు చేరేదాకా ఆ ఆత్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడరు.

తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక, నిజమంతా చెప్పిన పోలీసులకు క్షమాభిక్ష అన్నారు. ఫూరీ అనే పాత అధికారి విచారణకొచ్చి, తానే చంపి కాల్చానని ఒప్పుకున్నాడు.

"ఎక్కడయ్యా?" అని నోజిజ్వే లేచి అడిగింది.

"బూడిద ఫిష్ నదిలో కలిపామమ్మా. చోటు గుర్తులేదు."

"ఆయన జేబులో ఏ సిగరెట్లున్నాయో చెప్పావు. చోటొక్కటే మరిచావా?"

ఆర్నెల్లకు ఉత్తరమొచ్చింది. నేనే చదివి వినిపించాను. అంతా చెప్పాడు కాబట్టి ఫూరీని క్షమించారట.

"అంతా చెప్పాడట, విన్నావా వదినా!" అని నవ్వింది.

మర్నాడు నన్ను తోడు తీసుకెళ్లి, ఆ నది ఒడ్డున తొమ్మిది చోట్ల కొమ్మ తాకించి పిలిచింది. తిరుగు టాక్సీలో పక్క సీటు ఆయనకని ఖాళీగా ఉంచింది.

నేను నోరు ఊరుకోక, "వచ్చాడా?" అన్నాను. పలకలేదు.

గుమ్మంలో ఆమె మరిది ఆనవాయితీగా, "మా అన్నను తెచ్చావా?" అని అడిగాడు. తెచ్చానంటేనే కొమ్మ లోపలికి వెళ్లాలి.

"తెలియదు" అంది.

కొమ్మ ఇప్పటికీ బయటే, గోడకు ఆనించి ఉంది.