చిన్నాయన నక్షా, కనబడని అక్షరాలు

మగ్గాల పేట కుంఠా నాకాలో మా చిన్నాయన నేత షెడ్డుకీ పక్క షెడ్డుకీ మధ్య ఒక్కటే గోడ. చద్దర్ దుప్పటి మీద కొత్త పువ్వు రావాలంటే ఒకరు ఆ పువ్వు గీసిన నక్షా కాగితం మీది గడులు పైకి చదవాలి, ఇంకొకరు మగ్గానికి తగిలించే అట్టలకు ఆ ప్రకారం చిల్లులు కొట్టాలి. పక్కవాళ్లు పువ్వు ఎత్తుకుపోతారని ఆయన గుసగుసగా చదివేవాడు. మగ్గాల మోతలో నాకు సగం వినబడేది కాదు.

అందుకే సి భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. ఆయన నక్షా చూస్తూ చిల్లు ఉంటే ఒక కీ, లేకుంటే ఇంకొకటి కొడితే చాలు, అది చూసి నేను అట్టలు కొడతాను. ఎంటర్ కొట్టే పని లేదు, నోరు తెరిచే పని అసలే లేదు. నా ల్యాప్‌టాప్‌లో విండోస్. ఒక్క కీని చదవడానికి అందులో తయారుగా ఫంక్షన్ ఉంది. షెడ్డులోని పాత కంప్యూటర్‌లో లినక్స్. అక్కడ టెర్మినల్‌కు ముందే చెప్పుకోవాలి: ఎంటర్ కోసం ఆగొద్దు, కొట్టిన అక్షరం తెర మీద చూపొద్దు అని. పని అయ్యాక మళ్లీ మామూలుగా ఉండమనీ చెప్పాలి. రెండు పద్ధతులూ ఒకే ఫైల్‌లో పెట్టి, ఎక్కడైనా నడుస్తుందని గొప్పలు పోయాను.

దారం తెగితే మగ్గం ఆపినట్టు, చిన్నాయన చాయ్‌కి లేస్తూ కంట్రోల్, సి కొట్టి ప్రోగ్రాంను నడుమలో ఆపేశాడు. మగ్గం ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. నా ప్రోగ్రాం మాత్రం టెర్మినల్‌కు చెప్పాల్సిన చివరి మాట చెప్పకుండానే పోయింది. ఆయన తిరిగొచ్చి టైపు చేస్తే తెర మీద ఒక్క అక్షరం లేదు.

నేను వెళ్లేసరికి కంప్యూటర్ మీద చద్దర్ కప్పి ఉంది. ఆయన చేతిలో పీకేసిన వైరు. అది మౌస్‌ది.

"కొట్టిన అక్షరాలు కనబడ్తలేవు. మరి ఏడికి పోతున్నయ్‌రా?"

"ఏడికీ పోలే చిన్నాయనా. సిగ్గువడుతున్నయ్."

"సచ్ చెప్పు. నిన్న అశోక్ చౌక్‌ల ఎవలతోని చాయ్ తాగినవ్?"

"నీ బామ్మర్దితోని."

"వాని మీద గూడ నాకు నమ్మకం లేదు."

చద్దర్ తీసి, ఏమీ కనబడకుండానే, మామూలుగా ఉండమని టెర్మినల్‌కు చెప్పే రెండు మాటలు టైపు చేసి ఎంటర్ కొట్టాను. అక్షరాలు తిరిగొచ్చాయి. ఆయన ముఖం ఇంకా ముడుచుకుంది.

"అంటే కనబడకుంట రాసుడు నీకు ముందుగాల్నే వస్తదన్నట్టు."

ఎలా ఆపినా టెర్మినల్ మామూలయ్యేలా ప్రోగ్రాం సరిచేశాను. ఆయన కీలు కొట్టి గడులన్నీ అందులోకి ఎక్కించాడు. చద్దర్ నేశాం. పువ్వులో ఒక రేకు వంకర. తప్పు కాదట, నాకు వేసిన ఎర అట. ఆ వంకర రేకు పక్క షెడ్డు చద్దర్ల మీద వస్తే దొంగను నేనే.

మూడు వారాలు ఏదో ఒక సాకుతో అక్కడికి పోయి చూసొచ్చాడు. రాలేదు.

"ఇగ నమ్ముతవా?" అన్నాను.

"పక్కోళ్లు అది వంకరని గుర్తువట్టిన్రు. హుషారున్నరు."

ఎర కాని అసలైన నక్షా మాత్రం ప్రోగ్రాంలోకి ఎక్కనే లేదు. ఆయన మళ్లీ గుసగుసగా చదువుతున్నాడు, నేను చిల్లులు కొడుతున్నాను. నడుమ నడుమ కొన్ని గడులు కావాలనే తప్పు చదువుతున్నాడని నా అనుమానం.