కన్ను తెరిచే ఉంది, చీకటి పడింది

చిన్నప్పటి నుంచి నావి సోడాబుడ్డి అద్దాలు. చౌడేపల్లె నుంచి పుంగనూరులోని బడికి పాఠాలు చెప్పడానికి స్కూటీ మీద వెళ్తాను. వాన పడితే అద్దాలు తడిసి దారే కనిపించేది కాదు. అందుకే పోయిన ఏడాది మదనపల్లెలో అద్దాలు పోయేందుకు కళ్లకి లేజర్ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. "నొప్పి ఉంటాదా సార్?" అని మళ్లీ మళ్లీ అడిగాను. "ఉండదమ్మా" అన్నారు డాక్టరు.

బల్ల మీద పడుకోబెట్టి, చుక్కలు వేసి, రెప్ప మూతపడకుండా క్లిప్పు పెట్టారు. పైనున్న పచ్చ లైటునే చూడమన్నారు. ఇంతలో ఏదో కంటిని గట్టిగా అదిమింది. లైటు మసకబారి ఆరిపోయింది. కన్ను తెరిచే ఉంది, అంతా చీకటి!

"సార్, ఏం కనపడల్యా!" అని అరిచాను.

"కదలొద్దమ్మా! కదిల్తే కష్టం" అన్నారాయన గట్టిగా. ఆ మాటతో చూపు పోయిందనే అనుకున్నాను. ఇంట్లో ఉన్న పాప ముఖం గుర్తు తెచ్చుకోబోతే అదీ సరిగా రాలేదు.

నర్సు నా చెయ్యి పట్టుకుంది. "భయపడొద్దక్కా, కన్ను కదలకుండా రింగుతో అదిమితే ఇట్లే అయితాది. సూపు ఇప్పుడే వస్తాది."

నీళ్ల అడుగు నుంచి చూసినట్టు లైటు మెల్లగా తిరిగొచ్చింది. ఆ వెంటనే లేజర్ తగిలి వెంట్రుకలు కాలినట్టు వాసన. రెండో కంటికి ముందే చెప్పారు, మళ్లీ చీకటి పడుతుందని. తెలిసినా నర్సు చెయ్యి వదల్లేదు.

మర్నాటికి అద్దాలు లేకుండానే గోడ గడియారం కనిపించింది. చూపు బాగుంది. కానీ ఇప్పటికీ ఇంట్లో కరెంటు పోతే, నా చెయ్యి ముందు కంటి మీదికే పోతుంది.