సలోమమ్మ గారి వైండింగు క్లాసు

మొన్న ఇంట్లో ఫ్యాను ఆగిపోతే మా మనవరాలు దాన్ని విప్పించి పటమటలో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. షాపు వెనక ఏదో మోటారుకు వార్నిష్ పట్టించి ఓవెన్‌లో ఆరబెట్టినట్టున్నారు, ఆ ఘాటు వాసన గుమ్మం దాకా వచ్చింది. "తల తిరుగుతోంది అమ్మమ్మా, బయట నిలబడదాం రా" అంది పిల్ల. నాకు మాత్రం అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. యాభై ఏళ్ళ కిందట గవర్నర్‌పేటలో ఒక మేడ మీద గదిలో మొదటిసారి ఆ వాసన పీల్చాను. నన్ను అక్కడికి తీసుకెళ్ళింది సలోమమ్మ గారు.

డెబ్బయ్యో దశకం మొదట్లో నేను కాలవ గట్టున ఉన్న ఒక రైస్ మిల్లులో పనిచేసేదాన్ని. ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టిన ధాన్యాన్ని కళ్ళంలో ఆరబోసి, రోజంతా ఎండలో కాళ్ళతో కలియదిప్పడం మా పని. అప్పటికే నా భర్త పోయాడు. ఇంట్లో చిన్న కూతురు, కళ్ళు సరిగా కనిపించని అత్తగారు. నా కూలి మీదే మా ముగ్గురి తిండి. ఒక ఏడాది మిల్లులో ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు బిగించారు. అది తిరగడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆడవాళ్ళెవరూ ఇక రానక్కర్లేదని మేస్త్రి చేత చెప్పించారు. ఏం చేయాలో తోచక మేమంతా గేటు దగ్గరే కూర్చున్నాం.

కూలీల యూనియన్ తరఫున మా దగ్గరికి వచ్చినావిడ సలోమమ్మ గారు. పొడవుగా, చామనఛాయగా ఉండేది. తెల్లటి నేత చీర, చేతిలో మగవాళ్ళ గొడుగు. పొగాకు కంపెనీలో ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగు పని చేస్తూ చేస్తూ ఒకనాడు ఉన్నపళంగా పని పోగొట్టుకున్న మనిషి. ఆ తరవాతే యూనియన్‌లో చేరింది. "నన్ను పంపించేసిన రోజున రేపేం తింటావని ఒక్కళ్ళు అడగలేదే" అని తరవాత ఎప్పుడో నాతో అంది. ఆ రోజు మాత్రం తన సంగతేమీ చెప్పలేదు. మమ్మల్ని వెంటబెట్టుకుని తిన్నగా మిల్లు యజమాని గదిలోకి నడిచింది.

"రావలసింది ఇచ్చేస్తాం కదమ్మా, ఇంకేం కావాలి మీకు?" అన్నాడాయన.

"పని కావాలండీ."

"మిషను వచ్చాక పని నేనెక్కడి నుంచి తెచ్చేది?"

"మీ దగ్గర లేకపోతే ఇంకో చోట వెతుక్కుంటాం. వేరే పని నేర్చుకునే దాకా వీళ్ళ కూలి ఆపకండి. మేం అడిగేది అదే."

ఆయన నవ్వాడు. ఆ తరవాత చాలా రోజులు నవ్వలేదు. యూనియన్ వాళ్ళు ఎన్నోసార్లు వెళ్ళి కూర్చుంటే, మగ కూలీలు కూడా బస్తాలు ఎత్తేది లేదని మొండికేస్తే, చివరికి ఒప్పుకున్నాడు.

మాకు మోటారు వైండింగు నేర్పించాలన్నది ఆవిడ ఆలోచనే. ఆ రోజుల్లో పల్లెల్లో కరెంటు మోటార్లు కొత్తగా వస్తున్నాయి. వోల్టేజి చాలక అవి ఎప్పుడూ కాలిపోతుండేవి. కాలిన తీగ తీసేసి కొత్త తీగ చుట్టేవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. యూనియన్ ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు పైన ఉండేది. మస్తాన్ గారని ఒక వైండరు తన పని ముగించుకుని సాయంత్రాలు అక్కడికొచ్చి మాకు నేర్పేవారు. తలవెంట్రుకలంత సన్నటి రాగి తీగలు, చెక్క అచ్చు మీద చుట్లు, మోటారు లోపలి గాడుల్లో వాటిని తెగకుండా దించడం. ధాన్యం తొక్కి తొక్కి మా కాళ్ళకు తెలిసిన పని వేరు, ఇది వేరు. తీగ తెగినప్పుడల్లా మస్తాన్ గారు, "తెగనీ అమ్మా, తెగితేనే ఎంత లాగాలో తెలుస్తది" అనేవారు.

సలోమమ్మ గారు కూడా మాతో పాటే చాప మీద కూర్చుని నేర్చుకునేది. మా అందరిలోకీ ఆవిడ చుట్టిందే అధ్వానంగా ఉండేది. మేం నవ్వితే కోప్పడేది కాదు. "నవ్వండి. రేపు మీరు కొట్లో కూర్చుంటే నవ్వడానికి నేనుండను" అనేది. మెచ్చుకోవడం మాత్రం ఆవిడకు బొత్తిగా చేతకాదు. నేను మొదటిసారి ఒక మోటారు పూర్తిచేసి, అది తిరుగుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. "సరే, ఇంకోటి ఎత్తుకో" అంది, అంతే.

నాతో పాటు మిల్లులో పనిచేసిన వెంకాయమ్మక్క మధ్యలోనే మానేసింది. అందరికంటే గట్టి మనిషి, గేటు దగ్గర ముందు నిలబడింది తనే. "ఇది మన వల్ల అయ్యేది కాదే, ఊడ్పులకు పోతే నయం" అని కంకిపాడు దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. సలోమమ్మ గారికి చాలా కోపం వచ్చింది. "అంత కొట్లాడి తెచ్చుకున్నది ఇలా వదిలేస్తారా ఎవరైనా" అంది. మేమూ అవునన్నాం.

నేర్చుకోవడం ఒక ఎత్తయితే రిపేరు కొట్లుండే ఆటోనగర్‌లో మాకు చోటు సంపాదించడం ఇంకో ఎత్తు. సలోమమ్మ గారు గొడుగు వేసుకుని మమ్మల్ని వెంటబెట్టుకుని కొట్టు కొట్టూ తిరిగింది. ఆడవాళ్ళనగానే చాలామంది మొహం తిప్పుకున్నారు. చివరికి ఒకాయన ఒప్పుకున్నాడు గాని, ఒక షరతు పెట్టాడు. మేం వెనక గదిలో, గోనె పరదా చాటున కూర్చోవాలి. "రైతులు చూశారంటే మోటారు ఇవ్వరండీ, నా కొట్టు మూసుకోవాలి" అన్నాడు. సలోమమ్మ గారు నా వంక చూసింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. "కూర్చుంటానండీ" అన్నాను. ఆవిడ కాదనలేదు. కాని ప్రతి శనివారం వచ్చి ఆ కొట్టు ముందు బల్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళేది. "ఎన్నాళ్ళు కూర్చుంటావే అందులో?" అని మాత్రం అడిగేది.

ఆ గదిలో గాలి ఆడేది కాదు. ఒక శనివారం గన్నవరం వైపు రైతు ఒకాయన, అంతకుముందు నేను చుట్టిన మోటారు బాగా నడుస్తోందని చెప్పి ఇంకొకటి తెచ్చాడు. "ఎవరు చుట్టారండీ అది?" అని అడుగుతున్నాడు. "మా మేస్త్రి" అన్నాడు యజమాని. నా చేతిలో తీగ ఆగిపోయింది. ఏ ధైర్యంతో లేచానో తెలియదు, పరదా తొలగించుకుని ఇవతలికి వచ్చాను. "నేనే చుట్టానండీ" అన్నాను. నా మాట వాళ్ళకు వినపడలేదేమో అనిపించి మళ్ళీ చెప్పాను. యజమాని మొహం మాడిపోయింది. సలోమమ్మ గారు బల్ల మీద నుంచి లేవలేదు. రైతు నన్ను చూశాడు, తను తెచ్చిన మోటారును చూశాడు.

"మరి ఇది ఎప్పటికిస్తావమ్మా? నారు ఎండిపోతోంది" అన్నాడు.

ఎండలు ముదరగానే, గాలి ఆడటం లేదనే వంకతో యజమానే ఆ పరదా తీయించేశాడు.

ఆ శనివారం తరవాత సలోమమ్మ గారు కొట్టుకు రావడం మానేసింది. నా మనసు చివుక్కుమంది. ఆఫీసుకు వెళ్ళి, "నా మీద కోపమాండీ?" అని అడిగాను.

"నీ మీద కోపమెందుకు? నీకు పని దొరికిందిగా. నేను వెంకాయమ్మ దగ్గరికి పోతున్నా, వస్తావా?" అంది.

ఆదివారం ఇద్దరం బస్సులో వెళ్ళాం. వెంకాయమ్మక్క అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మాకు అన్నం వడ్డించింది. ఎందుకు మానేశావని అడిగింది సలోమమ్మ గారు. వెంకాయమ్మక్క తలొంచుకుని, "ఆ తీగలు నా కంటికి ఆనవండీ. దగ్గర పెట్టుకుంటే అలుక్కుపోతాయి. అందరి ముందూ ఎలా చెప్పను? ఏం పని కావాలని మీరూ అడగలేదు" అంది.

సలోమమ్మ గారు కంచంలో చెయ్యి ఆపేసింది. ఆవిడ మాట తడుముకోవడం అదొక్కసారే చూశాను. "అడగలేదు వెంకాయమ్మా. పొరపాటే" అంది. కంచం పక్కకు జరిపి, "ఏం చెయ్యగలవు, ఇప్పుడు చెప్పు" అంది. వెంకాయమ్మక్క కుండ వైపు చూసి, "ఎంతమందికైనా వండగలనండీ" అంది.

అప్పుడు ఇబ్రహీంపట్నంలో కరెంటు ప్లాంటు కడుతున్నారు. ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చి ఉన్నారు. యూనియన్ వాళ్ళు అక్కడ కూలీలకు క్యాంటీను పెట్టించే ప్రయత్నంలో ఉన్నారు. సలోమమ్మ గారు పట్టుబట్టి వెంకాయమ్మక్కను అందులో పెట్టించింది. ఒకసారి చూడటానికి వెళ్తే, పెద్ద డేగిసా ముందు గరిటె పట్టుకుని నిలబడి, ఇద్దరు మగవాళ్ళ చేత నీళ్ళు మోయిస్తోంది. మమ్మల్ని చూసి పని ఆపలేదు. "కూర్చోండి, చారు మరుగుతోంది" అంది.

సలోమమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. నేను సొంతంగా కొట్టు పెట్టుకున్నాక నా దగ్గర చాలామంది ఆడపిల్లలు పని నేర్చుకున్నారు. మధ్యలో మానేసిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళేదాన్ని. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ఒకమ్మాయికి వార్నిష్ పడదు, ఇంకొకామెకు సాయంత్రం పిల్లల్ని చూసేవాళ్ళు లేరు. కొట్లో కూర్చుంటే అవేవీ నాకు తెలిసేవి కావు. ఇప్పటికీ ఎవరైనా, ఫలానా ఆమె చేతకాక మానేసిందని అంటే నా నోరు ఊరుకోదు. ఇంటికి వెళ్ళి అడిగారా అంటాను.